మంచుకాలంలో కారు తడి తాగకుండా

కార్తీకం దాటి ధనుర్మాసం వచ్చిందంటే అంబాజీపేటలో మా షెడ్డుకు వచ్చే కార్ల జబ్బులు మారిపోతాయి. వేసవిలో ఇంజను వేడెక్కుతోందనీ, ఏసీ చల్లగా రావడం లేదనీ వచ్చేవాళ్ళే ఇప్పుడు అద్దాలు మసకబారుతున్నాయనీ, లోపల ముక్కిన వాసన వస్తోందనీ, పొద్దున్నే సెల్ఫ్ తీసుకోవడం లేదనీ వస్తారు. అంతా చలి మహిమ అనుకుంటారు. మన కోనసీమ చలి ఎంత? జనవరి తెల్లవారుజామున పదహారు, పదిహేడు డిగ్రీలు. ఆ చలికి ఏ కారూ చెడిపోదు. చెడగొట్టేది తేమ. చుట్టూ గోదావరి పాయలు, కాలువలు, చేపల చెరువులు, వరిచేలు, ఒక పక్క సముద్రం. ఇక్కడి గాలి రాత్రిపూట ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. డిసెంబరులో అద్దానికి పట్టే మసక చాలాసార్లు అక్టోబరు వాన నీరే. ఈశాన్య ఋతుపవనాల వానల్లో, తుఫాన్లలో కారులోకి దిగిన నీరు కార్పెట్టు కింద చేరి కదలకుండా ఉంటుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ వానకు తడిసిన కార్లు కొన్ని సంక్రాంతి ముందు మా దగ్గరికి వచ్చాయి. కార్పెట్టు ఎత్తితే అడుగున స్పాంజి ఇంకా నీళ్ళోడుతోంది. మధ్యాహ్నం ఎండకు ఆ నీరు ఆవిరవుతుంది, రాత్రి అద్దం చల్లబడగానే దానికి పట్టుకుంటుంది, మళ్ళీ కిందికి దిగుతుంది. తలుపులు మూసి ఉన్నంతకాలం ఆ నీరు ఎక్కడికీ పోదు.

అందుకే మసక పోగొట్టే స్ప్రేలు, సెంటు సీసాలు కొనేముందు మూడు పనులు చేయాలి. నీరు ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవాలి, ఆ దారి సరిచేయాలి, లోపల ఉన్న తడి ఆరబెట్టాలి. ఈ వరస తప్పితే ఎంత ఖర్చుపెట్టినా మళ్ళీ మొదటికే వస్తారు.

ముందు అద్దం సంగతి

అద్దం మసకబారితే ముందు వేలితో గీసి చూడండి. లోపలి వైపు గీత పడితే లోపలి తేమ, పడకపోతే బయటి తేమ. రెంటికీ మందు వేరు.

లోపలి మసకకు ఏసీ వేయండి. చలికాలంలో ఏసీ ఏమిటని చాలామంది వెనకాడతారు. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, దానిలోని నీటిని కూడా తీసేస్తుంది. కారు కింద బొట్లుబొట్లుగా కారేది ఆ నీరే. కాబట్టి ఉష్ణోగ్రత మీటను వేడి వైపు తిప్పండి, ఏసీ మీట నొక్కండి, గాలిని ముందు అద్దం మీదికి మళ్ళించండి, బ్లోయరు పెంచండి. ఆరిన గాలి వెచ్చగా తగిలితే అద్దం రెండు మూడు నిమిషాల్లో తేటపడుతుంది. లోపలి గాలినే తిప్పే మీట మాత్రం తప్పకుండా తీసేయండి. నలుగురు మనుషుల ఊపిరి బయటికి పోకుండా లోపలే తిరుగుతుంటే ఏ ఏసీ అయినా ఎంతకని లాగుతుంది? చిన్నపిల్లలతో అంతర్వేది తీర్థానికో, కోటిపల్లికో తెల్లవారుజామున బయలుదేరేవాళ్ళు ఈ మీట ఒక్కటి చూసుకున్నా చాలావరకు ఇబ్బంది తీరుతుంది.

బయటి మసక ఎక్కువగా వానాకాలం రాత్రుల్లో వస్తుంది. లోపల ఏసీ మరీ చల్లగా పెట్టినప్పుడు అద్దం చల్లబడి, బయటి తేమ దానికి పడుతుంది. వైపరు ఒకసారి తిప్పి, ఏసీ చల్లదనం తగ్గించండి. గాలిని అద్దం మీదినుంచి తప్పించి ముఖం వైపు పెట్టుకోండి.

అద్దం లోపలివైపు శుభ్రంగా ఉంటే మసక పట్టడం తగ్గుతుంది. ఎండకు కాగిన డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిరి, దుమ్ము కలిసి అద్దానికి పలచని జిడ్డు పొర వేస్తాయి. తేమ దాన్నే పట్టుకుంటుంది. తెల్ల వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి మెత్తని బట్టతో తుడిచి, వెంటనే పొడిబట్టతో ఆర్పండి. నడుపుతూ నడుపుతూ అరచేత్తో తుడవకండి. చేతి జిడ్డు అంటి, ఎదురుగా లైటు పడగానే అద్దమంతా చారలు కనిపిస్తాయి.

గ్లోవు బాక్సు వెనక ఉండే క్యాబిన్ ఫిల్టరు కూడా చూడండి. అది దుమ్ముతో పూడిపోతే బ్లోయరు గాలి అద్దం దాకా చేరదు. ఏడాదికొకటి మార్చాలి. చేల పక్కన, దుమ్ము రోడ్ల మీద తిరిగే కార్లకు ఇంకా ముందే.

ఎడమవైపు కార్పెట్టు ఎందుకు తడుస్తుంది

మా షెడ్డులో ఎక్కువ సమయం పట్టే పని ఇదే. బెంచీ మీద కూర్చున్న మాస్టారు ఒకరు, "ఏం బాబూ, వాన పడకపోయినా ఎడమవైపు కాళ్ళ దగ్గర తడి వస్తోంది, ఎక్కడిది ఇది?" అని అడిగారు. కారు కొడుకుది. కొడుకు హైదరాబాదులో ఉంటాడు, కారు ఇక్కడ పెరట్లో మామిడిచెట్టు కింద ఉంటుంది. "వాసన చూద్దాం మాస్టారూ" అన్నాను. అంత తేలికగా తేలుతుంది చాలాసార్లు.

తడిసిన చోట వేలు అద్ది చూడండి. తియ్యటి వాసన వేస్తూ, వేళ్ళకు జిగటగా తగిలితే అది నీరు కాదు, ఇంజనును చల్లబరిచే ద్రవం, కూలెంట్. లోపల హీటరు కారుతోందని అర్థం. అద్దం మీద పట్టే మసక కూడా అప్పుడు జిడ్డుగా ఉంటుంది, తుడిచినా పోదు. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఇంజను వేడి మీద ఉండగా ఆ మూత తీయవద్దు. ఈ పని ఇంట్లో చేసేది కాదు, మెకానిక్కుకు అప్పగించండి. కారిన కూలెంట్ విషం, కుక్కలు, పిల్లలు దాని దగ్గరికి పోకుండా కడిగేయండి.

వాసన లేని మామూలు నీరైతే రెండు దారులు. ఏసీ వేసి పదిహేను నిమిషాలు కారు నిలిపి ఉంచి, కింద చూడండి. వానాకాలంలోనో, ఉక్కపోత రోజునో అయితే ఎడమవైపు ముందు చక్రం వెనక ధారగా నీరు కారాలి. నేల పొడిగా ఉండి లోపల కార్పెట్టు తడుస్తోందంటే ఏసీ నీరు పోయే గొట్టం పూడిపోయింది. దుమ్ము, నాచు కలిసి బంకలా అడ్డుపడతాయి. కారును జాకీ ఒక్కదాని మీదే నిలిపి కింద తలదూర్చవద్దు, ర్యాంపు ఉన్న చోట చేయించండి. ఆ గొట్టంలోకి గాలి మెల్లగా కొడితే మగ్గిన నీరు మగ్గెడు ఒక్కసారిగా వస్తుంది.

ఏసీ వాడకపోయినా తడుస్తుంటే వానదారి వెతకాలి. బానెట్ తీసి వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ జల్లెడ చూడండి. ముందు అద్దం మీద పడిన వాన అంతా అందులోకి దిగి, రెండు పక్కలా ఉన్న దారుల నుంచి చక్రాల వెనక నేల మీదికి పోవాలి. మాస్టారి కారుకు అక్కడ మామిడి పూత, కొబ్బరి పూత, ఎండుటాకులు కుళ్ళి నల్లటి మట్టిలా గట్టిపడి ఉన్నాయి. రెండు పిడికిళ్ళు తీశాను. ఆ దారి మూసుకుంటే నీరు పొంగి బ్లోయరు నోట్లోకి, అక్కడినుంచి ఎడమవైపు కాళ్ళ దగ్గరికి దిగుతుంది. శుభ్రం చేశాక చెంబుతో నీళ్ళు మెల్లగా పోస్తూ, ఇంకొకరిని కింద చూడమనండి. పోసిన నీరు పోసినట్టే రెండు పక్కలా దిగాలి. మన ఊళ్ళలో చెట్టు నీడ లేని వాకిలి అరుదు కాబట్టి వానలకు ముందు ఒకసారి, పూత కాలంలో ఒకసారి ఈ జల్లెడ చూసుకోవడం ఏ సర్వీసింగుకన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

తలుపులకూ ఇదే కథ. అద్దం పక్కనుంచి తలుపు లోపలికి నీరు దిగడం సహజం. అది పోవడానికి తలుపు అడుగున చిన్న రంధ్రాలుంటాయి. అవి బురదతో పూడిపోతే తలుపు తీసినప్పుడల్లా లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినిపిస్తుంది, కొన్నాళ్ళకు తలుపు అడుగంచు తుప్పుపట్టి బుడగలు లేస్తుంది. వాటిని తెరవడానికి ఇనుపతీగ వాడకండి, రంగు గీసుకుపోతుంది. కొబ్బరి ఈనెపుల్ల చాలు. వంగుతుంది, గీయదు, చీపురులో ఎప్పుడూ ఉంటుంది. తలుపు లోపలి అట్ట వెనక ఒక ప్లాస్టిక్ కాగితం అతికించి ఉంటుంది. స్పీకర్లు మార్చినప్పుడో, అద్దం మోటారు బాగుచేసినప్పుడో దాన్ని చింపి అలాగే వదిలేస్తే వాన నేరుగా కార్పెట్టు మీదికి వస్తుంది. పని చేయించినప్పుడు అది తిరిగి అతికించారో లేదో అడిగి మరీ చూసుకోండి.

పైకప్పు అద్దం ఉన్న కార్లకు నాలుగు మూలలా సన్నని గొట్టాలుంటాయి. అందులో గాలి గట్టిగా కొడితే గొట్టం లోపలే ఊడిపోయి, నీరు సీలింగు గుడ్డలోకి దిగుతుంది. సన్నని నైలాను దారం దూర్చి మెల్లగా తీయాలి.

డిక్కీ సంగతి క్లుప్తంగా. స్టెప్నీ టైరు తీసి దాని గుంట చూడండి. నీరుంటే వెనక లైట్ల చుట్టూ ఉన్న రబ్బరో, డిక్కీ బీడింగో అనుమానించండి. బీడింగు పరీక్షకు ఒక కాగితం ముక్క చాలు. దాన్ని అడ్డంపెట్టి తలుపు మూసి లాగండి. బిగువుగా వస్తే మంచిది, జారిపోతే అక్కడ రబ్బరు వాడిపోయింది.

ఆరబెట్టే పద్ధతి

నీరు వచ్చే దారి సరిచేశాక ఇక లోపలి తడి. పైన చేయి పెట్టి ఆరిందనుకోకండి. కార్పెట్టు పైపొర ఎండకు ఆరిపోతుంది, కింద అంగుళం మందాన ఉన్న స్పాంజి నీరు పట్టుకునే ఉంటుంది. రబ్బరు మ్యాట్లు తీసేయండి. తలుపు దగ్గరి ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్టు అంచు ఎత్తి, మడిచిన తువ్వాలు వేసి కాలితో నొక్కండి. తువ్వాలు పిండి మళ్ళీ నొక్కండి. నీరు రావడం ఆగాక, కార్పెట్టుకూ రేకుకూ మధ్య కొబ్బరి డొక్కలు గాని, చెక్కముక్కలు గాని పెట్టి ఎత్తి ఉంచండి. అక్కడికి ఫ్యాను గాలి తగలాలి. తడి ఎక్కువగా ఉంటే సీట్లు విప్పాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లుంటే అవి ఎయిర్‌బ్యాగువి. బ్యాటరీ విప్పకుండా వాటిని ముట్టుకోకూడదు, తెలిసినవాళ్ళ చేతే విప్పించండి.

తలుపులు ఎప్పుడు తెరవాలో కూడా చూసుకోవాలి. పొద్దున మంచు విడిచాక, పది గంటల ప్రాంతంలో తీయండి. మధ్యాహ్నం నాలుగింటికి మూసేయండి. తెల్లవారుజామున గాలాడనిద్దామని తలుపులు తీసి ఉంచితే ఉన్న తడికి మంచు తోడవుతుంది. రెండు మూడు మంచి ఎండలు కావాలి. తొందరపడి కార్పెట్టు పరిచేస్తే అడుగు రేకు తుప్పు పట్టడం మొదలవుతుంది, బయటికి కనిపించేసరికి చిల్లులు పడి ఉంటాయి.

కొందరు గిన్నెలో కళ్ళుప్పు పోసి కారులో పెడతారు. మన తడిగాలికి ఉప్పు నీరుకారి ఒలికితే ఆ ఉప్పునీరే రేకును తినేస్తుంది. అది వద్దు. బొగ్గుల మూట వాసన లాగుతుంది, తడి పెద్దగా లాగదు. సిలికా జెల్ సంచులు మంచివే గాని, ఆరబెట్టిన కారులో మిగిలిన కొద్ది తేమకు మాత్రమే. తడిసిన కార్పెట్టును అవి ఏమీ చేయలేవు.

సీట్ల మీద, బెల్టు మీద తెల్లగా, పచ్చగా బూజు కనిపిస్తే ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఎండలో నిలబెట్టి, వెనిగర్ నీళ్ళతో తుడవండి. పొడిగా ఉండగా దులపవద్దు, బూజు అంతా గాలిలోకి లేచి మళ్ళీ అన్ని మూలలా చేరుతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు ఈ పని ఇంకొకరికి చెప్పడం మంచిది.

పొద్దున్నే సెల్ఫ్ తీసుకోకపోతే

బ్యాటరీని చంపేది మన మే నెల ఎండ. చలికాలం దాని బలహీనతను బయటపెడుతుంది, అంతే. రాత్రంతా నిలిపిన కారుకు పొద్దున మల్టీమీటరు పెట్టి చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు. 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. చూపించకపోతే తప్పు బ్యాటరీది కాదు, చార్జింగుది. కొత్త బ్యాటరీ కొనేముందు ఈ రెండు అంకెలు చూడకుండా ఎవరు చెప్పినా నమ్మవద్దు.

టర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి బ్యాటరీ ఆమ్లపు ఆవిరి వల్ల వచ్చేది, తేమ దాన్ని పెంచుతుంది. ముందు నెగటివ్ వైరు, తర్వాత పాజిటివ్ విప్పండి. వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో కడిగి, బాగా ఆర్పి, ముందు పాజిటివ్, చివర నెగటివ్ బిగించండి. పైన వాజలీన్ పలచగా పూయండి.

డీజిలు కార్లకు మీటర్ల దగ్గర స్ప్రింగు చుట్టలాంటి గుర్తు ఉన్న లైటు ఆరిపోయేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని సర్వీసింగులో తీయించండి. ట్యాంకు ఖాళీగా ఉంచి కారు నిలిపితే లోపలి గాలి తేమ నీరై అడుగుకు చేరుతుంది. పెట్రోలులో ఇప్పుడు కలుపుతున్న ఇథనాల్‌కు నీటిని పీల్చే గుణం ఉంది. కాబట్టి నెలలపాటు నిలిపేవాళ్ళు ట్యాంకు నిండుగా ఉంచడమే మేలు.

టైర్ల గాలి కూడా చూడాలి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే రెండు పాయింట్ల దాకా తగ్గుతుంది. కారు కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

ఉప్పు

ఓడలరేవు, అంతర్వేది వైపు తిరిగే కార్లకు అడుగుభాగం త్వరగా తుప్పు పడుతుంది. చేపల లారీల నుంచి రోడ్డు మీద కారే నీళ్ళు కూడా ఉప్పువే. సముద్రం ఒడ్డుకు వెళ్ళివచ్చిన మర్నాడు కారు పైభాగం కన్నా ముందు అడుగు కడిగించండి, మడ్‌గార్డుల లోపల చేయిపెట్టి బురద తీయించండి. తీరం దగ్గరి ఊళ్ళలో చాలా బోర్ల నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీళ్ళతో కడిగితే ఉప్పును ఉప్పుతో కడిగినట్టే. నాలుక మీద చుక్క వేసుకుని చూస్తే తెలిసిపోతుంది. కాలువ నీళ్ళో, పంచాయతీ కుళాయి నీళ్ళో వాడండి. కాలువలు కట్టేసే వేసవిలో కనీసం చివరి బకెట్టయినా మంచినీళ్ళు పోసి ఆర్పండి. అడుగుకు తుప్పు నిరోధక పూత వేయించేవాళ్ళు, పాత తుప్పు పూర్తిగా గీకించాకే వేయించండి. తుప్పు మీద పూస్తే లోపల తడి బంధించినట్టవుతుంది.

పొగమంచులో బండి

రావులపాలెం నుంచి అమలాపురం వచ్చే దారిలోనూ, కాలువగట్టు రోడ్ల మీదా ధనుర్మాసంలో పొద్దున ఏడు దాటినా పది గజాల అవతల ఏమీ కనిపించని రోజులుంటాయి. పెద్దలైటు వేస్తే ఆ వెలుగు మంచుకు తగిలి మీ కళ్ళలోనే పడుతుంది. డిప్పర్, అంటే కిందికి పడే లైటు, వేయండి, ఫాగ్ లైట్లుంటే వేయండి. నాలుగు ఇండికేటర్లు వేసుకుని నడపకండి. మీరు ఆగారో, ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. గడ్డి ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా వెళ్తుంటాయి, పిట్టగోడ లేని కాలువ పక్కనే ఉంటుంది. అద్దం కొంచెం దించుకుని చెవి కూడా పనిలో పెట్టండి. తప్పనిసరి పని కాకపోతే ఎనిమిది దాకా ఆగండి. అంత సేపటికి మించిపోయే పని చాలా తక్కువ.

సంక్రాంతి దాకా నిలిపి ఉంచే కారు

పిల్లలు పండక్కి వచ్చినప్పుడే తీసే కార్లు మన వైపు చాలా ఉన్నాయి. వాటికి ప్లాస్టిక్ కవరు కప్పి మట్టినేల మీద ఉంచితే నేల తడి పైకి లేచి కవరు కింద రంగును పొక్కిస్తుంది. గాలాడే గుడ్డ కవరు వాడండి, కారు పొడిగా ఉన్నప్పుడే కప్పండి. సిమెంటు గచ్చు మీద నిలపండి, కొబ్బరిచెట్టు మొదట్లో మాత్రం వద్దు. మట్ట పడినా, కాయ పడినా అద్దం దక్కదు. హ్యాండ్ బ్రేకు లాగి నెలలు ఉంచితే వెనక డ్రమ్ములు తడికి పట్టేస్తాయి. గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టి, బ్రేకు వదిలేయండి. సార్వా కోతలయ్యాక ఎలుకలు చేలలోంచి వాకిళ్ళకు వస్తాయి. బానెట్ కింద పొగాకు పెడతారు గాని ఆ వాసన కొన్నాళ్ళే పనిచేస్తుంది. క్యాబిన్ గాలి లోపలికి వెళ్ళే నోటికి సన్న ఇనుప జాలీ బిగించడం నయం. ధాన్యం బస్తాలు, గడ్డిమేటు కారుకు దూరంగా ఉండాలి.

వారానికొకసారి ఇంజను వేసి పది నిమిషాలు నిలబెట్టి ఆపేస్తారు కొందరు. దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. ఇంధనం మండితే నీరు పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కకపోతే ఆ నీరు సైలెన్సర్‌లో, ఇంజను ఆయిల్‌లో మిగిలిపోతుంది. కారు తీస్తే ఇరవై కిలోమీటర్లయినా నడపండి. మొదట నాలుగైదు బ్రేకులకు గరగరమని చప్పుడు వస్తుంది, డిస్కుల మీద రాత్రి తేమకు పట్టిన పలచని తుప్పు అది, రాసుకుని పోతుంది. తర్వాత కూడా ఆగకపోతే చూపించాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని నీటిని పీలుస్తుంది కాబట్టి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకొకసారి మార్చండి.

వచ్చాక ఇంజను చల్లారనిచ్చి ఆయిల్ పోసే మూత తీసి చూడండి. మూత లోపల మజ్జిగ మీగడలాంటి తెల్లటి పొర ఉండి, ఆయిల్ చూసే కడ్డీ శుభ్రంగా ఉంటే అది చిన్న చిన్న దూరాలు తిరగడం వల్ల చేరిన తేమ. గుడ్డతో తుడిచి, ఎక్కువ దూరం నడిపితే పోతుంది. కడ్డీకి కూడా అదే రంగు అంటి, కూలెంట్ మట్టం తగ్గి, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంటే ఇంజను హెడ్డు గాస్కెట్టు పోయినట్టు. అప్పుడు ఇంజను మళ్ళీ వేయకండి. పండగ మూడు రోజులూ కారు లేకపోయినా సరే, ఉన్నచోటే ఉంచి మెకానిక్కును ఇంటికి పిలిపించండి.